దొర మూయనివ్వని పెద్దవాకిలి

మా మార్తమ్మకు మగబిడ్డ పుట్టాడు, తల్లీ బిడ్డా ఇద్దరూ కులాసా!

ఈ మాట ముందే చెప్పేసినందుకు చదివేవాళ్ళు తప్పు పట్టుకోవద్దు. నేను రాయడానికి కూర్చున్నది చావు కబురు. మా ఛైర్మను దొరగారు పోయారు. జ్వరమని పడుకున్నవారు మళ్ళీ లేవలేదు. ఆయనను గురించి నాకు తెలిసింది రాయమని మా పాస్టరుగారు కాగితాలు ఇచ్చారు. కలం పట్టినప్పుడల్లా కళ్ళు మసకబారి పక్కన పెట్టేవాణ్ణి. ఇప్పుడు మనవడు పుట్టాడు. సంతోషం గొంతు దాకా వచ్చేసరికి దాని వెనకే దుఃఖానికి కూడా మాట వచ్చింది. రెండు కబుర్లూ ఒకే వాకిట్లో జరిగాయి కాబట్టి వాటిని విడదీసి రాయడం నా చేత కాదు. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. ముందూ వెనకా అయితే మీరే సర్దుకుని చదువుకోండి.

మాది కర్నూలుకూ కడపకూ నడుమ ఉండే పట్నం. నేను దొరగారి గుర్రపుబండి తోలేవాణ్ణి. మా నాయన కూడా ఆ ఇంటి బండే తోలాడు. మా కాపురం ఊరి కొసన మిషను పేటలో. దొరగారిది పాళెగాళ్ళ వంశం. వాళ్ళ ముత్తాతలకు కొండమీద కోట, వెనక గుర్రాల దండు ఉండేవట. తెల్లవాళ్ళు కోట తీసుకుని పింఛను ఇచ్చారు. తరం తరానికీ పింఛను పలచబడింది కానీ ఇల్లు మాత్రం కోటలాగే మిగిలింది. ఆ ఇంటికి ఒక పెద్దవాకిలి ఉండేది. కోట కూలగొట్టినప్పుడు దాని తలుపులే బండ్లమీద తెచ్చి ఇక్కడ నిలబెట్టారని చెప్పుకుంటారు. ఒంటినిండా పిడికిలంత ఇనుప బొడిపెలు. అడుగున రాతి గుంటల్లో తిరిగే ఇరుసులు. ఆ తలుపు మూస్తే చప్పుడు వీధి చివరి దాకా వినపడేది. మా నాయన ఆ వాకిలి దాటి లోపల అడుగు పెట్టకుండానే పోయాడు. బండి వాకిటి ఇవతల ఆగాలి, మేమూ ఇవతలే ఆగాలి. అది ఆ ఇంటి పద్ధతి. అందులో తప్పుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నిజం చెప్పాలంటే మేమూ అనుకోలేదు.

దొరగారికి పెళ్ళయిన కొత్తలో నేను బండి పట్టాను. ఇద్దరమూ వయసులో ఉన్నవాళ్ళమే. అప్పట్లో ఆయన సరిగ బుట్టాల తలపాగా చుట్టి, మీసం దువ్వుకుని, బండిలో వెనక్కి వాలి కూర్చునేవారు. దారిన పోయేవాళ్ళు ఒదిగి నిలబడితే వాళ్ళ వైపు చూసేవారు కూడా కాదు. చెడ్డవారని కాదు. చూడాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆయన ఇల్లాలికి తొలి కానుపు కష్టమైంది. మంత్రసానుల వల్ల కాలేదు. ఆ రోజు మా పేట గుడికి మిషను డాక్టరమ్మ వచ్చి ఉందని తెలిసి, దొరగారే నన్ను పరుగెత్తించారు. నేను గుర్రాన్ని అట్లా తోలడం అదే మొదలు. డాక్టరమ్మను తెచ్చి పెద్దవాకిటి ముందు దించాను. తలుపు మూసి ఉంది. లోపల దొరగారి మేనత్త ఉండేది. ఊరంతా ఆమెను పెద్దమ్మణ్ణి అనేవాళ్ళు. మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి, తల్లి లేని దొరగారిని చేతుల మీద పెంచింది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. పంచాంగం చూపించి వర్జ్యం నడుస్తోందని చెప్పించింది. వర్జ్యమంటే మంచిది కాని వేళ. ఆ వేళలో కొత్త మనిషి పురిటి గదిలో కాలు పెడితే తల్లికీ బిడ్డకూ కీడని ఆ ఇంట్లో నమ్మకం. ఆమె కోడలి మేలు కోరే ఆ మాట అన్నది, అది మాత్రం మీరు మరిచిపోవద్దు. వర్జ్యం పోయేదాకా డాక్టరమ్మ చేతిసంచి పట్టుకుని ఎండలో నిలబడింది. నేను గొడుగు పట్టాను. ఆమె వచ్చీరాని తెలుగులో తలుపు తీయమని అడిగింది, తర్వాత బతిమాలింది, తర్వాత ఊరకే నిలబడింది. తలుపు తీసేసరికి లోపల ఏడుపు మొదలైంది. తల్లీ పోయింది, బిడ్డా పోయింది.

ఆ తర్వాత దొరగారు బండి ఎక్కలేదు. గుర్రానికి మేత వేయడం, తోమడం, ఊరకే కూర్చోవడం, అదే నా పని అయింది. ఒక సాయంత్రం ఆయన పెద్దవాకిలి దాటి బయటికి వచ్చి, డాక్టరమ్మ నిలబడిన చోట నిలబడ్డారు. నేను లేచాను. ఆమె సరిగ్గా యాడ నిలబడిందని అడిగారు. చూపించాను. ఆయన తలుపు వైపు తిరిగి చాలాసేపు చూసి, నాతో అన్నారు:

"ఆ పొద్దు నేను లోపలే ఉండాను కదప్పా. గడియ నా చేతికి అందేంత దూరంలోనే ఉండాది. అత్త మాట దాటలేకపోతి."

ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. పెద్దమ్మణ్ణిని కూడా ఒక్క నిష్ఠూరపు మాట అనగా నేను వినలేదు. పోయేదాకా ఆమె చేతి అన్నమే తిన్నారు. ఆమె జొన్నరొట్టె విరిచి పెడితే, నెయ్యి ఎక్కువైందని కసురుకుంటూనే తినేవారు.

మరుసటి రోజు పొద్దున పెద్దవాకిలి రెండు రెక్కలూ బార్లా తీయించి, అడుగున రాళ్ళు పెట్టించారు. ఇక మీద మూయకూడదన్నారు. బండి నేరుగా లోపలికి తోలమని నాకు చెప్పారు. నేను బండి దిగి చెప్పులు విప్పాను. గుర్రం మాత్రం ఏ తటపటాయింపూ లేకుండా లోపలికి పోయింది. దాని వెనక నేను, మా వంశంలో ఆ వాకిలి దాటిన మొదటివాణ్ణి, చెప్పులు చేతిలో పట్టుకుని పోయాను. దొరగారు చూసి, చెప్పులు కాళ్ళకు వేసుకోమని, రాళ్ళు కాలుతున్నాయని అన్నారు. అంత మామూలుగా అన్నారు.

తర్వాత ఆయన తలచింది కానుపుల ఆసుపత్రి. ఇంటి వెనక సగం, ఒకప్పటి రాణివాసం, మునిసిపాలిటీకి ఇస్తానన్నారు. ఇల్లాలు పోయిన గదినే కానుపు గది చేయమన్నారు. కమిటీవాళ్ళు దండాలు పెట్టారు, పొగిడారు, ఆలోచిస్తామన్నారు. ఆలోచిస్తూనే ఉన్నారు. దొరగారు నాలుగైదుసార్లు తిరిగి తిరిగి విసిగి, ఆ కుర్చీలో తానే కూర్చుంటే తప్ప పని కాదనుకున్నారు. అట్లా ఆయన ఎన్నికలకు నిలబడ్డారు. పాళెగాడి మనవడు వీధి వీధీ తిరిగి ఓట్లు అడగడమా అని వాళ్ళ పల్లెలో ఉన్న చిన్నాయన కొడుకు తలపట్టుకున్నాడు.

ఆ తిరుగుడు నేను కళ్ళారా చూశాను. ఏ ఇంటికి పోయినా దొరగారు వాకిటి ఇవతల నిలబడి, లోపలి నుంచి రమ్మనేదాకా కదిలేవారు కాదు. గానుగ ఆడించే వాళ్ళ ఇంటి ముందు ఒకసారి ఎండలో నిలబడ్డాం. లోపల ఒక అవ్వ పప్పు చెరుగుతోంది. తల ఎత్తకుండానే నూనె లేదు పొమ్మంది. దొరగారు పోలేదు. అవ్వకు కోపం వచ్చింది.

"ఏమప్పా, ఒకతూరి చెప్తే తెలీదా? నూనె లేదని చెప్తాండా కదా."

"నూనె వద్దవ్వా. ఓటు కావాల. అదీ లేదంటే పోతా."

అవ్వ తల ఎత్తి చూసి చేట వదిలేసింది. పప్పంతా నేల పాలైంది. దొరగారు చతికిలబడి కూర్చుని ఆమెతో పాటు పప్పు ఏరారు. నేనూ ఏరాను. ఆ ఇంటి ఓట్లన్నీ మాకే పడ్డాయని తర్వాత తెలిసింది. పప్పులో మట్టిగడ్డలు వచ్చాయని అవ్వ మాత్రం కనపడినప్పుడల్లా దొరగారిని దెప్పేది.

గెలిచారు. ఛైర్మను అయ్యారు. నడుమ ఒకసారి ఊరు ఆయనను ఓడించింది, మళ్ళీ గెలిపించింది. కుర్చీలో ఉన్నా లేకున్నా జనం ఆయనను ఛైర్మను దొర అనే పిలిచారు. తలపాగా పోయింది. మోచేతి దగ్గర అతుకు వేసిన నల్లకోటు ఒకటి వచ్చింది. పొద్దున్నే వెదురుకర్ర పట్టుకుని మురిక్కాలవల వెంట నడిచేవారు. జేబులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉండేది. కంపు ఎక్కువైన చోట తీసి వాసన చూసి, మళ్ళీ జేబులో వేసుకుని, కర్రతో కాలవలో పొడిచేవారు. కమిటీ మీటింగులో ఎవరైనా ఉపన్యాసం సాగదీస్తే కూడా ఆ నిమ్మకాయ బయటికి వచ్చేది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోగానే మాట్లాడే మెంబరు సర్దుకుని కూర్చునేవాడట. నాకు బంట్రోతులు చెప్పి నవ్వేవాళ్ళు.

చిన్నాయన కొడుకు పల్లె నుంచి వచ్చినప్పుడల్లా దెప్పేవాడు. తాతలు ఏనుగు మీద పోతుంటే ఊరు ఊరంతా ఒదిగి నిలబడేదనీ, ఇప్పుడీయన కాలవ గట్టున ఒదిగి నిలబడుతున్నాడనీ. దొరగారు దానికి చెప్పిన జవాబు మా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు:

"ఏనుగుంటే దాని పేడ గూడా నేనే ఎత్తియ్యాల్సొచ్చేది. లేకుంటేనే మేలప్పా."

ఆసుపత్రి ఊరికే రాలేదు. గదులు సున్నం వేయించారు, మంచాలు వచ్చాయి, నర్సమ్మ వచ్చింది. అప్పుడు కమిటీలో గొడవ లేచింది. మిషను పేట ఆడవాళ్ళకూ ఆ గదేనా, వాళ్ళకు పెరట్లో వేరే కొట్టం వేస్తే పోదా అని ఒక పెద్దమనిషి అడిగాడు. చాలామంది తలలూపారు. ఆ రోజు దొరగారు నిమ్మకాయ తీయలేదట. నేను వరండాలో ఉన్నాను, ఆయన గొంతు నాకు వినపడింది.

"ఆ గదిలో నా ఇల్లాలు పోయింది. సచ్చేదానికి ఆడ కులం అడ్డం రాలేదు. పుట్టేదానికి యాల రావాల?"

కొట్టం మాట అక్కడితో పోయింది. దొరగారు ఆసుపత్రి కాపలా మనిషికి ఒకటే నియమం చెప్పారు. బండిలో వచ్చినా, డోలీలో వచ్చినా, నడిచి వచ్చినా, "ముందు లోపలికి రానీ. పేరు తర్వాత అడుగు." ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. కానుపు గదికి ఉన్న ఎత్తు గడప కూడా తీయించేశారు, నొప్పుల మీద ఉన్నవాళ్ళు కాలెత్తి దాటలేరని.

పెద్దమ్మణ్ణి ఇంటి ముందు సగంలో ఉండిపోయింది. మొదట్లో వెనక నుంచి కేకలు వినపడితే కిటికీ మూసుకునేది. కొన్నాళ్ళకు మూయడం మానేసింది. ఇంకొన్నాళ్ళకు, బిడ్డ ఏడుపు వినపడగానే కిటికీలోంచి ఆడబిడ్డా మగబిడ్డా అని అడిగేది. అంతే, ఇంకో మాట లేదు. జవాబు విని లోపలికి పోయేది. పోయి వెల్లుల్లి కారం నూరి, వాము వేయించి, బాలింతకు ఎవరి చేతనైనా పంపేది. కానీ ఆ వెనక సగంలో మాత్రం కాలు పెట్టలేదు. కోడలు పోయిన నాటి నుంచి ఆ గది వైపు పోలేదు. దొరగారు రమ్మనలేదు. ఆమె ఎందుకు రాదో ఆయనకు తెలుసు. కళ్ళు ఆనకపోయాక కూడా ఆ కిటికీ దగ్గరే కూర్చునేది.

ఇక మా మార్తమ్మ సంగతికి వస్తాను. దాన్ని ఓర్వకల్లు దగ్గర పల్లెలో ఇచ్చాం. బండరాళ్ళ నడుమ ఊరు. మా అల్లుడు పటాలంలో పనిచేస్తాడు. తొలి కానుపు అక్కడే అయింది, బిడ్డ దక్కలేదు. రెండోది కూడా దక్కలేదు. మా వియ్యపురాలు మంచిదే, కానీ ఆ పల్లెలో ఏముంది? మార్తమ్మ మళ్ళీ నీళ్ళోసుకుందని తెలిసిన రోజు నేను బండి తోలుతూ ఎవరితోనూ మాట్లాడలేదు. దొరగారు వెనక నుంచి ఏమైందని అడిగారు. చెప్పాను. కొంచెం దూరం పోయాక వంగి నా భుజం తట్టారు.

"ఈ తూరి నీ బిడ్డను ఈడికే పిల్చకరాప్పా. ఆ గదిలో కిటికీ కాడి మంచం దానికే."

ఆ మాట పట్టుకుని బతికాం మేము. మా ఆడది రోజూ ప్రార్థనలో ఆ మంచాన్ని కూడా తలచుకునేది. దొరగారికి జ్వరం వచ్చినప్పుడు నేను తలగడ దగ్గర నిలబడితే, మార్తమ్మకు ఎన్నో నెల అని అడిగారు. తలగడ పక్కన నిమ్మకాయ ఉంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి, ఎండిపోయింది, గుర్రానికి పెట్టమన్నారు. ఆయన నాతో అన్న చివరి మాట అది. గుర్రం నిమ్మకాయ తినదని ఆయనకూ తెలుసు. నవ్వించాలని చూశారు.

ఊరు ఊరంతా వచ్చింది. గానుగ ఇంటి వాళ్ళు, మిషను పేట, అంగళ్ళవాళ్ళు, కాలవలు తీసేవాళ్ళు. గుర్రాన్ని కూడా శ్మశానం దాకా, కుందూ ఏటి గట్టుకు నడిపించాను. కర్మ చేయడానికి పల్లె నుంచి చిన్నాయన కొడుకు వచ్చి ఇంట్లో దిగాడు. మైల ఇల్లు, పెద్దకర్మ అయ్యేదాకా ఆ వాకిట్లోకి పురుళ్ళు రాకూడదన్నాడు. ఆసుపత్రికి వేరే దారి లేదు. కమిటీవాళ్ళు పోయినాయన మీద గౌరవంతో కొన్నాళ్ళే కదా అని ఊరకున్నారు. నెలలు నిండినవాళ్ళు దూరపు మిషను ఆసుపత్రికి పోవాలన్నారు, నర్సమ్మ మాత్రం లోపలే ఉంది. పెద్దవాకిటి తలుపుల కింద రాళ్ళు తీసి మూశారు. ఏళ్ళ తరబడి కదలని తలుపులు. నలుగురు మనుషులు భుజాలు ఆనించి తోస్తే గాని కదలలేదట.

కానుపుకు మా ఇంటికి వచ్చి ఉన్న మార్తమ్మకు ఇంకా వ్యవధి ఉందనుకున్నాం. పెద్దకర్మ అయిపోతుందిలే అనుకున్నాం. ఒకనాడు పొద్దున జొన్నలు దంచుతూ దంచుతూ రోకలి వదిలేసి కూర్చుండిపోయింది. మిషను ఆసుపత్రికి పోవాలంటే పొద్దు గూకుతుంది. నేను బండి కట్టాను. మా ఆడది మార్తమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఎక్కడికి పోవాలో గుర్రానికి నేను చెప్పలేదు. అదే పోయింది. పెద్దవాకిటి దగ్గర కూడా ఆగకుండా నడిచి, మూతి తలుపుకు తగిలేసరికి నిలబడిపోయింది. పాతది పోయాక వచ్చిన గుర్రం ఇది, ఆ వాకిలి మూసి ఉండగా ఎన్నడూ చూడలేదు. తల అటూ ఇటూ తిప్పి నా వైపు చూసింది.

బండి ఆగిన చోటు చూశాను. డాక్టరమ్మ నిలబడింది అక్కడే.

తలుపు తట్టాను. చిన్నాయన కొడుకు లోపలి నుంచే మాట్లాడాడు. గట్టిగా కూడా అనలేదు. నా బిడ్డ మీద తనకేమీ కోపం లేదనీ, చచ్చినాయన ఆత్మకు కీడు కదా అనీ, శాస్త్రం తాను రాసింది కాదనీ అన్నాడు. నేను దండం పెట్టాను, తలుపుకు దండం పెడితే ఎవరికి కనపడుతుంది? మార్తమ్మ కేక వేయలేదు. బండి కమ్మీ పట్టుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆడది దిగి రెండు చేతులతో ఆ ఇనుప బొడిపెల మీద కొట్టింది. చేతులు చిట్లి నెత్తురొచ్చింది.

అప్పుడు కిటికీలోంచి పెద్దమ్మణ్ణి గొంతు వినపడింది.

"ఎవురది వాకిట్లో?"

"నేనమ్మా, బండోణ్ణి."

"బండిలో ఎవురు?"

"నా బిడ్డమ్మా. నొప్పులొస్తాండాయి."

కిటికీ దగ్గర నుంచి ఆమె లోపలికి పోయింది. నాకు అప్పుడు ఆశ పోయింది, అబద్ధం చెప్పను. కొంచెం సేపటికి లోపల కర్ర చప్పుడు వినపడింది. గోడ తడుముకుంటూ వస్తోంది ఆమె. చిన్నాయన కొడుకు ఎదురుపోయి ఏదో చెప్పబోయాడు. ఆమెకు వినపడాలని గట్టిగా మైల, మైల అన్నాడు. ఆమె జవాబు మేమందరం విన్నాం.

"ఆ పొద్దు నేను వర్జ్యం అంటి. ఈ పొద్దు నువ్వు మైల అంటాండావు. ఒకతూరి నిలబెట్టినాం, సాలు. తియ్ నాయనా."

ఆయన కదలలేదట. ఆమె తానే గడియ పట్టుకుని లాగిందట. ఆ గడియ ఆమె వల్ల అయ్యేది కాదు. ఆమె వదలకపోవడం చూసి కాబోలు, చిన్నాయన కొడుకే వచ్చి తీశాడు. తీసి, మేము బయటి నుంచి తోస్తుంటే లోపలి నుంచి తలుపు లాగాడు కూడా. మనిషి చెడ్డవాడు కాదు.

పెద్దమ్మణ్ణి బండి దగ్గరికి వచ్చి, గాలిలో చేయి చాచింది. మార్తమ్మ ఆ చేయి పట్టుకుంది. ఎవరి బిడ్డ, ఏ పేట, ఏమీ అడగలేదు. చూపు లేని మనిషి మా బిడ్డను నడిపించుకుంటూ, ఇన్నేళ్ళుగా కాలు పెట్టని ఆ వెనక సగానికి, ఎక్కడా తడబడకుండా పోయింది. గడప ఉండే చోట అలవాటు కొద్దీ కాలు ఎత్తింది. గడప లేదు. అక్కడ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి బిడ్డ ఏడ్చాడు. బొడ్డుతాడు మెడకు చుట్టుకుని ఉందని, దారిలో అయ్యుంటే తన చేతుల్లో కూడా ఏమీ ఉండేది కాదని నర్సమ్మ చెప్పింది. నేను వరండాలో గోడకు ఆనుకుని ఏడ్చాను, నవ్వాను, గుర్రం దగ్గరికి పోయి దానికీ చెప్పాను. ముసలితనంలో ఇంత సంతోషం ఇస్తే దేవుడు దాన్ని ఎక్కడ పెట్టుకోమంటాడు? కిటికీ దగ్గరి మంచం, ఆయన చెప్పిన మంచమే. గది లోపలి నుంచి పెద్దమ్మణ్ణి గొంతు, ఆడా మగా అని. ఈసారి కిటికీలోంచి కాదు, మంచం పక్కన నిలబడి.

పాస్టరుగారు వచ్చి బిడ్డకు ఏం పేరు పెడతారని అడిగారు. మార్తమ్మ పడుకునే నవ్వింది. "ముందు లోపలికొచ్చినాడు కదయ్యా, పేరు తర్వాత" అంది. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ మరునాడు పెద్దమ్మణ్ణి వడ్రంగిని పిలిపించి పెద్దవాకిటి తలుపులు ఇరుసులతో సహా పీకించేసింది. ఎవరికీ అమ్మవద్దంది. పెరట్లో వేపచెట్టు పక్కన ఎండ తగిలే చోట రాళ్ళమీద బల్లల్లా పరిపించింది. ఇప్పుడు బాలింతల గుడ్డలు, పసిబిడ్డల పొత్తిగుడ్డలు వాటిమీదే ఆరుతున్నాయి. ఇనుప బొడిపెలు ఉండడంతో గాలికి ఎగిరిపోవు. దొరగారు ఉంటే ఆ తలుపుల వల్ల వచ్చిన మొదటి లాభం ఇదేనని నవ్వి ఉండేవారు. వాకిట్లో ఇరుసులు తిరిగిన రాతి గుంటలు రెండూ ఖాళీగా ఉన్నాయి. నర్సమ్మ పొద్దున కల్లాపి చల్లినప్పుడు వాటిలో నీళ్ళు నిలుస్తాయి. పిచ్చుకలు వచ్చి తాగిపోతున్నాయి.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఆ దారుల్లో పోయేవాళ్ళుంటే, మా వాళ్ళకు ఈ కబురు చెప్పి పుణ్యం కట్టుకోండి. ఓర్వకల్లు దగ్గర మా వియ్యపురాలికి అందరికంటే ముందు చెప్పాలి, రెండు తూర్లు ఏడ్చిన మనిషి. మా వియ్యంకుడికి ఆమే చెప్పుకుంటుంది. కర్నూలులో రైలు స్టేషను దగ్గర మా పెద్ద బావమరిదికి. మంత్రాలయంలో మఠం ఎదురుగా పూల అంగడి పక్క సందులో ఉండే మా అన్నకు, చెవుడు, గట్టిగా చెప్పండి. ప్రొద్దుటూరులో మా చెల్లెలికి, దాని కోడళ్ళకు. పులివెందుల వైపు మా చిన్నాయనకు, ఇంకా బతికే ఉన్నాడు, మునిమనవడంటే లేచి కూర్చుంటాడు. పటాలంలో మా అల్లుడికి ఉత్తరం రాశాను, అయినా ఎవరైనా సిపాయి కనపడితే చెప్పండి. కొడుకుది తన ముక్కే, చెవులు మాత్రం మావి. కుందూ గట్టున దొరగారికి నేనే పోయి చెప్పి వచ్చాను.

పెద్దమ్మణ్ణికి చెప్పే పని లేదు. తలుపులు లేని వాకిట్లో, పొద్దుటి ఎండలో పీట వేసుకుని కూర్చుంది. బిడ్డ ఆమె ఒళ్ళోనే నిద్రపోతున్నాడు.